మూడు మడతల పేపరు

పేపరు వెడల్పు తగ్గించినప్పుడు గుంటూరులో ఎవరూ గొడవ చెయ్యలేదు. జనవరి మొదటి వారంలో, మొదటి పేజీలోనే, చుట్టూ గీతలు కొట్టి మరీ వేశారు. పాఠకుల సౌకర్యం కోసం మీ అభిమాన పత్రిక ఇకమీదట చేతిలో ఇట్టే ఇమిడిపోయే కొత్త సైజులో వస్తుందన్నారు. ఆ గీతల మధ్యనే, అడుగున, సన్నటి అక్షరాల్లో, రేటు కొంచెం పెంచక తప్పడం లేదన్నారు. బ్రాడీపేట జనం పెరిగిన రేటు గురించి వారం రోజులు మాట్లాడుకున్నారు. సౌకర్యం గురించి ఎవరూ నోరెత్తలేదు. మన సౌకర్యం కోసం ఎవరన్నా ఏదన్నా చేస్తే దాన్ని స్కేలు పెట్టి కొలవడం మర్యాద కాదు.

నాగూర్ వలి ఆ ప్రకటన చదవలేదు. చదువు రాక కాదు. పేపరుని అతను చదివే వస్తువుగా ఏనాడూ చూడలేదు. అతనికి అది కత్తిరించే వస్తువు. ప్రభుత్వాలు పడిపోయినా, తుపాన్లు వచ్చినా, పత్తి రేటు లేచినా, అన్నీ అతని కత్తెర కింద జాకెట్టు చేతులుగానో వీపులుగానో మారాల్సిందే.

బ్రాడీపేటలో ‘వలి లేడీస్ టైలర్స్’ అని బోర్డుంటుంది. బోర్డు మీద బహువచనమే గాని లోపల కత్తెర పట్టేది వలి ఒక్కడే, మిషను తొక్కేది రాఘవమ్మ ఒక్కతే. వలి కటింగుకి పేరుంది. కలెక్టరాఫీసు ఆడవాళ్ళూ, కాన్వెంటు టీచర్లూ, డాక్టర్ల భార్యలూ సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చిస్తారు. వలి ఆ ఆది జాకెట్టుని బల్ల మీద పరిచి ఒకసారి చూస్తాడు. అరచేత్తో ఒకసారి నిమురుతాడు. పక్కన పెట్టేస్తాడు. తర్వాత పాత పేపర్ల కట్టలోంచి రెండు పేజీల కాగితం ఒకటి లాగి, పూర్తిగా విప్పి, మూడు మడతలు వేసి, మడత మీద బొటనవేలి గోటితో గీరతాడు. ఆ మూడు మడతల వెడల్పు ఒక నిండు మనిషి జాకెట్టు ముక్క. అక్కణ్ణించి మనిషిని బట్టి ఒక వేలో, వేలున్నరో లోపలికి. ఇది అతని ఉస్తాదు నేర్పిన పద్ధతి. ఆ ఉస్తాదుకి వాళ్ళ ఉస్తాదు నేర్పాడు. మెళ్ళో టేపు ఉంటుంది. డాక్టరు మెళ్ళో గొట్టం లాంటిదే అది. వచ్చినవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది.

పాత పేపర్లు తూకానికి కొంటాడు కాబట్టి, జనవరి పేపర్లు అతని బల్ల మీదికి వచ్చేసరికి మాఘమాసం నడుస్తోంది. అంటే పెళ్ళిళ్ళు నడుస్తున్నాయి.

ముందుగా వచ్చింది నాగజ్యోతి. కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటు. మూడు రోజుల కింద పట్టుకెళ్ళిన జాకెట్టుని సంచీలోంచి తీసి, బల్ల మీద పెట్టి, చుట్టూ ఎవరన్నా ఉన్నారేమో చూసుకుంది.

“వలి గారూ, ఈ గుడ్డ కుంచించుకుపోయే రకమా?”

“ఉతికారా మేడం?”

“లేదు. మొన్నేగా ఇచ్చారు.”

“ఉతక్కుండా ఏ గుడ్డా కుంచించుకుపోదు మేడం.”

నాగజ్యోతి ఆ మాట వినపడనట్టు ఫ్యాను వంక చూసింది. “చంకల దగ్గర పట్టేస్తోంది. హుక్కులు పెట్టుకుంటే ఊపిరాడట్లేదు.”

వలి చాలా కాలంగా ఆడవాళ్ళకి జాకెట్లు కుడుతున్నాడు. అతని అనుభవంలో బ్రాడీపేటలో లావెక్కిన మనిషి ఒక్కరూ లేరు. గుడ్డలు కుంచించుకుపోతాయి, హుక్కులు జరుగుతాయి, లైనింగు మోసం చేస్తుంది. మనుషులు మాత్రం పెళ్ళినాడు ఎంత ఉన్నారో అంతే ఉంటారు. అందుకే అతను మెత్తగా అన్నాడు.

“చలికాలం కదా మేడం. ఎవరికైనా ఒళ్ళు కాస్త ఇదిగా అనిపిస్తుంది. కుట్టు విప్పి వదులు చేసిస్తా. సాయంత్రం రండి.”

ఆ వారంలోనే కాన్వెంటు టీచరొకామె వచ్చింది. తర్వాత ఒక డాక్టరు గారి భార్య వచ్చింది. తర్వాత ఒక తల్లీ కూతురూ కలిసి వచ్చి, ఎవరి జాకెట్టు ఎక్కువ బిగుతో తేల్చమన్నారు. వలి అందరికీ చలికాలం గురించే చెప్పాడు. తెల్లారగట్ల స్టేడియం చుట్టూ నడిచే ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది. నాగజ్యోతి ఇంట్లో అన్నం మానేశారు. ఆమె మానేస్తే సరిపోయేది గాని, ఒక్కరికోసం రెండు రకాలు వండలేనంది కాబట్టి ఇంటిల్లిపాదీ రాత్రిపూట రాగిజావ తాగుతున్నారు. ఆమె భర్త లక్ష్మీకాంత్ బ్యాంకులో పనిచేస్తాడు. “నేను చెప్తూనే ఉన్నా” అని ఒక్క మాటన్నాడు. తర్వాత రెండు రోజులు అతనికి జావలోకి ఆవకాయ కూడా దొరకలేదు.

ఆ రెండు రోజులూ బాగా ఆలోచించి, మూడో రోజు నాగజ్యోతి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆది జాకెట్టు తొడుక్కునే వచ్చింది.

“ఇది చూడండి. మీరే కుట్టారు. ఎప్పటిదో. ఒంటి మీద హాయిగా ఉంది. మరి నేనెక్కడ లావయ్యాను?”

బిగుతుగా ఉందన్న ఇంకో జాకెట్టు ఆమె బల్ల మీద పెడితే, వలి తను కత్తిరించిన పేపరు ముక్కని దానిమీద పరిచి చూశాడు. అచ్చు గుద్దినట్టు ఉంది. కటింగులో దోషం లేదు. పక్క కుట్టు కొంచెం విప్పి, లోపల వదిలిన గుడ్డని బయటికి తీసి, నాగజ్యోతిని తెర వెనక్కి వెళ్ళి తొడుక్కు రమ్మన్నాడు. వదులైంది. సరిపోయింది.

కుట్టు విప్పితే సరిపోతోందంటే, కుట్టు లోపలికి పోయినట్టే కదా. లెక్క అంత తేలిగ్గా తేలిపోయేసరికి వలికి ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగి రాఘవమ్మ వీపు వంక చూశాడు.

“ఏం రాఘవమ్మా, కుట్టు లోపలికి పోతంది.”

రాఘవమ్మ కాళ్ళు ఆగాయి. మిషను ఇంకో రెండు కుట్లు తనంతట తాను వేసి ఆగింది.

“మీరు గీసిన గీత మీదే పోతన్నానన్నా.”

“గీత మీద పోతే బిగుతెందుకొచ్చిద్ది?”

ఆమె లేచొచ్చి జాకెట్టు అందుకుంది. గుమ్మం దగ్గరికెళ్ళి ఎండకి పట్టింది. చూపుడువేలు కుట్టు మీద పెట్టి చంక నించి నడుం దాకా నిదానంగా పోనిచ్చింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. సుద్దగీత కొంచెం మందంగా ఉంది, కుట్టు ఆ మందంలోనే ఎక్కడో ఉంది.

“గీత మీదే ఉందన్నా.”

“సగం లోపలికుంది, సరిగ్గా చూడు.”

ఆమె మళ్ళీ చూసింది. కళ్ళు చిట్లించింది, జాకెట్టుని దూరం జరిపింది, దగ్గరికి తెచ్చుకుంది. వలి చెప్పాడంటే ఉండే ఉంటుంది. పన్నెండేళ్ళుగా అతను గీసిన గీత ఏ ఒక్కటీ వంకర పోలేదు.

“ఏమోనన్నా” అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాగజ్యోతి తృప్తిగా పైట సర్దుకుంది. తను లావు కాలేదు. ఇంట్లో ఈ సంగతి చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడు.

“ఇకనించి కుట్టు అంచుకి వెయ్యి” అన్నాడు వలి.

రాఘవమ్మ తలూపి మిషను దగ్గరికెళ్ళింది. దారం తెగింది కాబోలు, సూదిలోకి మళ్ళీ ఎక్కించడానికి వంగింది. మొదటిసారి ఎక్కలేదు. దారం కొసని నోట్లో పెట్టుకుని తడిచేసి మళ్ళీ ఎక్కించింది. దారం ఒకసారి ఎక్కకపోవడం ఏ దర్జీకైనా రోజూ జరిగేదే. ఆ రోజు మాత్రం ఆమె దాన్ని లెక్కలో వేసుకుంది.

పొన్నూరులో పెళ్ళికి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున, షాపు తీసిన కాసేపటికే నాగజ్యోతి దిగింది. లోపల అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు జాకెట్ల కోసం కూచునున్నారు. ఆమె ఎవరి వంకా చూడలేదు. పట్టు జాకెట్టుని బల్ల మీద పరిచింది. చంక కింద పట్టు జానెడు మేర విడిపోయి, పోగులు పోగులుగా వేలాడుతోంది. కుట్టు అలాగే ఉంది. దానికి పట్టుకోవడానికే గుడ్డ లేకపోయింది.

“అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తాను” అంది. గొంతు పెంచలేదు. “పెళ్ళికొడుకు తాళి కడుతున్నాడు. బాజాలు గట్టిగా వాయిస్తున్నారు కాబట్టి చప్పుడు వినపడలేదు. కానీ వీడియోవాడు లైటు సరిగ్గా నా మీదే పెట్టాడు. ఆ క్యాసెట్టు మా ఆడపడుచు ఇంట్లో ఉండబోతోంది. ఏటా పెళ్ళిరోజుకి వేసుకుంటారంట.”

కూచున్న ఇద్దరిలో ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అది జాలో ఇంకోటో తెలీలేదు.

“ఎవరు కుట్టారిది?”

ఆ షాపులో ఎవరు కుడతారో నాగజ్యోతికి తెలుసు. ఆ ఇద్దరికీ తెలుసు. బ్రాడీపేట మొత్తానికి తెలుసు. అయినా వలి సమాధానం చెప్పాల్సొచ్చింది. అంచుకి వెయ్యమన్నది నేనే అని ఒక మాట ఉంది. అది నాలిక దాకా వచ్చింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ సంచులు ఒళ్ళో పెట్టుకుని అతని నోటి వంకే చూస్తున్నారు.

“కుట్టు నాది కాదు మేడం” అన్నాడు.

మిషను ఆగిపోయింది.

“అంచుకెయ్యమన్నారు కదన్నా” అంది రాఘవమ్మ, తల తిప్పకుండానే.

“అంచుకన్నాను గాని అంచు దాటమన్లేదు.”

మాట బాగుంది. కూచున్న ఆడవాళ్ళిద్దరూ తలూపారు. తన మాటకి జనం తలూపడం వలికి అంతగా అలవాటు లేదు. దాంతో ఇంకో మాట కూడా వచ్చేసింది.

“రేపట్నించి రాబాకు రాఘవమ్మా.”

ఆమె వాదించలేదు. చేతిలో ఉన్న జాకెట్టుకి మిగిలిన చెయ్యి కుట్టేసింది. దారం తుంచింది. మిషను మీద పడిన నూలుపొడి తుడిచి గుడ్డ కప్పింది. పైట అంచుకి గుచ్చుకున్న సూదుల్ని ఒక్కోటీ తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

“ఇయ్యి షాపుయి” అంది.

కూచునే పీట మీద వేసుకునే పాత దుప్పటి ముక్క తనది. దాన్ని మడిచి, టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నాగజ్యోతికి ఎందుకో ఇబ్బందిగా అనిపించింది. ఆమె గొడవ పెట్టుకోవడానికి సిద్ధపడి వచ్చింది. ఇలా ఇంత తొందరగా ఒక మనిషి లేచి వెళ్ళిపోవడం ఆమె అనుకున్నది కాదు.

“అంతదాకా ఎందుకు లెండి” అంది, రాఘవమ్మ సందు మలుపు తిరిగిన తర్వాత.

వలి మిషను దగ్గర తనే కూచున్నాడు. కాలు ఆ జోరుకి అలవాటు తప్పింది గాని కుట్టు మర్చిపోయేది కాదు. కాన్వెంటు టీచరు జాకెట్టు తనే కత్తిరించి, తనే కుట్టి, తనే ఇస్త్రీ చేసి ఇచ్చాడు. మర్నాడు ఆమె వచ్చింది. బిగుతుగా ఉందంది. చలికాలం అన్నాడు వలి. ఆమె చేత్తో చెమట తుడుచుకుంటూ అతని వంక చూసింది. అప్పటికి ఫ్యాను రెండో నంబరులో తిరుగుతోంది.

ఆ సాయంత్రం లక్ష్మీకాంత్ వచ్చాడు. నాగజ్యోతి ఇక ఆ షాపు గడప తొక్కనంది కాబట్టి, ఆమె ఇచ్చిన పాత గుడ్డలు తీసుకు రమ్మని భర్తని పంపింది. లక్ష్మీకాంత్ తీరిగ్గా కూచున్నాడు. బల్ల మీద మూడు మడతలు వేసి ఉన్న పేపరుని చూసి నిట్టూర్చాడు.

“ఇదేం పేపరు వలీ, జేబురుమాలు. నువ్వు గమనించావో లేదో.”

“ఏంది సార్?”

“మా ఇంట్లో అలమర అరల్లో పేపరేస్తాం కదా. ఇదివరకు అంచు దిగి ఇంత వేలాడేది. మా ఆవిడ దాన్ని పువ్వులు పువ్వులుగా కత్తిరించేది. ఇప్పుడు అంచుదాకా కూడా రావట్లా. చెక్క కనపడుతోంది.”

“తడిసిందేమో సార్.”

“తడవటమేంటయ్యా. తగ్గించారు. జనవరి నించి. ఖర్చు కలిసొస్తుందని ఇటు కొంత, అటు కొంత కోసేశారు. ఒక్కడన్నా అడిగాడా? నేను స్కేలు పెట్టి కొలిచి ఎడిటరుకి ఉత్తరం రాశా.”

“వేశారా?”

“వేశారు. సగం కోసి వేశారు.”

వలి బల్ల మీది పేపరుని చూస్తున్నాడు. లక్ష్మీకాంత్‌కి ఊళ్ళో మొదటిసారి శ్రోత దొరికాడు. అతను ఆగలేదు.

“ఇంట్లో రోజూ చెప్తున్నా. మా ఆవిడ వినదు. నేను పేపరు తగ్గిందంటే ఆమె తను పెరగలేదంటుంది. ఎవరి గోల వాళ్ళది.”

వలి వంగి, కింద అరలో కొత్త గుడ్డల కట్టల కింద పరిచిన పేపరుని లాగాడు. ఎప్పుడు పరిచాడో గుర్తులేదు, పసుపుపచ్చగా అయింది. దాన్ని బల్ల మీద విప్పి, దానిమీద కొత్త పేపరు విప్పాడు. మధ్య మడతలు రెండూ కలిపాడు. కొత్త కాగితం కింద నించి పాతది ఇటూ అటూ బయటికి కనపడింది, కురచ చీర కింద లంగా కనపడ్డట్టు. మెళ్ళో టేపు తీశాడు. తీసినవాడు మళ్ళీ వేసుకున్నాడు. కొలవడానికి ఏం లేదు.

“చూశావా, చూశావా” అన్నాడు లక్ష్మీకాంత్ ఆనందంగా. “నువ్వు గుర్తించావు. ఇంత పేటలో నువ్వొక్కడివే గుర్తించావు.”

సంచీ అందుకుని, మనిషి కాస్త పొడుగైనట్టు నడుస్తూ వెళ్ళిపోయాడు. వలి ఆ రెండు కాగితాల ముందూ కూచున్నాడు. గీత మీదే ఉందన్నా, అన్న రాఘవమ్మ గొంతు వెనకనించి వినపడుతోంది. వెనక ఎవరూ లేరు, గుడ్డ కప్పిన మిషను ఉంది.

ఆ రాత్రికే ఆమె ఇంటికి వెళ్ళాలనుకున్నాడు. వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలి? పేపరు తగ్గిందని చెప్పాలంటే, ఇన్నేళ్ళూ టేపు మెళ్ళో వేసుకు తిరిగాను గాని వాడలేదని చెప్పాలి. ఆ మాట ఆమెకి చెబితే ఆమె ఎవరికన్నా చెబుతుంది. పెళ్ళిళ్ళ కాలం అయిపోనీ, చూద్దాం, అనుకున్నాడు. మంచి పనులన్నిటికీ అతను పెట్టే గడువు అదే.

మర్నాటి నించి మూడు మడతల మీద ఒక సుద్దముక్క మందం బయటికి గీసి కత్తిరించాడు. జాకెట్లు మళ్ళీ ఒంటికి అతికినట్టు వచ్చాయి. కాన్వెంటు టీచరు వచ్చి, స్టేడియం చుట్టూ నడవడం పనిచేసిందని చెప్పింది. డాక్టరు గారి భార్య రాగిజావ పనిచేసిందని చెప్పింది. గడప తొక్కనన్న నాగజ్యోతి కూడా, బజారులో ఎవరో చెప్పగా, రెండు గుడ్డలు పట్టుకుని తొక్కింది. కొత్త జాకెట్టు తొడుక్కుని తెర వెనక నించి బయటికొచ్చి, రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది. ఏమీ కాలేదు.

“నేను అనుకుంటూనే ఉన్నా” అంది. “ఆవిడ వెళ్ళిపోయాక మీ కుట్టు మళ్ళీ నిలబడింది.”

ఇప్పుడు చెప్పాలి. వలికి తెలుసు, ఇప్పుడే చెప్పాలి. అతను గొంతు సవరించుకున్నాడు.

“హుక్కులు సరిపోయినయ్యా మేడం?” అన్నాడు.

అరండల్‌పేటలో బాపయ్య అని ఇంకో లేడీస్ టైలరున్నాడు. ఇద్దరూ అప్పుడప్పుడు టీకొట్టు దగ్గర కలుస్తారు. గురువారం సాయంత్రం బాపయ్య గ్లాసు ఊదుకుంటూ అన్నాడు.

“ఏరా వలీ, నీ దగ్గర మానేసినామె పని కోసం నా దగ్గరకొచ్చింది.”

“పెట్టుకున్నావా?”

“ఎట్టా పెట్టుకోను? కుట్లు ఊడిపోతన్నాయంటగా.”

వలి టీ గ్లాసు దించాడు. “ఎవురు చెప్పారు నీకు?”

“ఆమే చెప్పింది. నా చేతి కుట్టు నిలవట్లేదంట బాబాయ్, ముందే చెప్తన్నా, చూసి పెట్టుకోండి, అంది. అట్టా చెప్పినాక ఎవుడు పెట్టుకుంటాడ్రా? అబద్ధం చెప్పినా పెట్టుకునేవాణ్ణి.” బాపయ్య ఒక గుక్క తాగాడు. “ఇప్పుడు ఏటుకూరు రోడ్డులో మిరపకాయల షెడ్డుకి పోతందంట. ముచ్చికలు తియ్యటానికి.”

మర్నాడు శుక్రవారం. షాపు కట్టేసే రోజు. నమాజు అయ్యాక వలి పాత పేపరు ఒకటి, కొత్త పేపరు ఒకటి చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని ఏటుకూరు రోడ్డెక్కాడు. దారి పొడుగూతా చెప్పాల్సిన మాటలు కుదుర్చుకున్నాడు. ఒక్క మాట కూడా దాచకూడదనుకున్నాడు. అలా అనుకున్నాక మనసు తేలికపడింది. క్షమాపణ చెప్పడానికి వెళ్ళే మనిషికి, వెళ్ళేటప్పుడే సగం క్షమాపణ దొరికినట్టుంటుంది.

షెడ్డు దూరం నించే తెలిసింది. గేటు దగ్గరే దగ్గు పట్టుకుంది. రేకుల కింద కాయలు ఎర్రగా కుప్పలు పోసి ఉన్నాయి. కుప్పల చుట్టూ ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని కూచున్నారు. కాయ తియ్యడం, బొటనవేలి గోటితో ముచ్చిక తుంచడం, బుట్టలో వెయ్యడం. అందరూ ఒకేలా ఉన్నారు. వలి ఎవరినీ గుర్తుపట్టలేకపోయాడు. గుర్తుపట్టింది ఆమే.

“అన్నా, ఇట్టా వచ్చారేంది? షాపు?”

“ఇయ్యాల శుక్రవారం.”

“అవును కదా. రోజులు కూడా మర్చిపోయా.” ఆమె గబగబా లేచి, గాలి వచ్చే వైపు గోతాల దొంతర ఉంటే దాని మీద కూచోమంది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది. అరిచేతులు కందిపోయి, గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి ఉంది.

వలి కుదుర్చుకున్న మాటలు దగ్గులో పోయాయి. మిగిలిన మాటే చెప్పాడు.

“తప్పు నీది కాదు రాఘవమ్మా. జాకెట్లు బిగుతవటం నీ కుట్టు వల్ల కాదు. పేపరు తగ్గింది.”

“ఏ పేపరు?”

“మనం కటింగు చేసే పేపరు. వెడల్పు తగ్గించారు. ఇదిగో చూడు.”

గోతాల మీద రెండు కాగితాలూ పరిచాడు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా మిరపకాయలు పెట్టాడు. కొత్తదాని కింద పాతది ఇటూ అటూ కనపడింది. రాఘవమ్మ ముట్టుకోకుండా వంగి చూసింది.

“పేపరోళ్ళు కాయితం ఎందుకు తగ్గిచ్చుకుంటారన్నా?”

“ఖర్చు కలిసొచ్చిద్దని.”

“అయితే రేటు తగ్గిచ్చారా?”

“లేదు. పెంచారు.”

ఆమె నవ్వింది. చాలా రోజులకి వచ్చిన నవ్వులా ఉంది. “కాయితం తగ్గిచ్చి రేటు పెంచితే జనం ఊరుకుంటారా? అంత చదువుకున్నోళ్ళు చదివే పేపరు. కూరగాయల కొట్లో తూకం ఇంత తగ్గితే రోడ్డు మీద పెట్టి కడిగేస్తారు మన మేడాలు. పేపరు కోసుకుపోతంటే ఒక్కరూ అడగరా?”

వలి దీనికి ఏం చెప్పాలో ఆలోచించాడు. ఒక్కాయన అడిగాడు, ఆయన ఉత్తరం సగం కోశారు, అని చెబితే ఇంకా అబద్ధంలా ఉంటుంది.

“నిజం రాఘవమ్మా. నేను టేపు వాడను. పేపరు మడత మీదే కత్తిరిస్తా. అదీ నా తప్పు.”

“మీరు టేపు వాడకపోటమేంటన్నా. ఎప్పుడూ మెళ్ళో ఉంటేను.” ఆమె గొంతు మెత్తబడింది. “నా కోసం ఇంత దూరం వచ్చి, మీ పనిని మీరే తక్కువ చేసుకోబాకండి. నాకు తెలుసు నా సంగతి. కళ్ళ పరీక్షలు ఉచితంగా చేస్తన్నారంటే పోయా. దగ్గర చూపు తగ్గిందని డాక్టరే చెప్పాడు. మీరు ఆ రోజు అనబట్టి పోయా గాని, లేకపోతే పోయేదాన్నా?”

“ఆ వయసుకి అందరికీ అదే చెప్తారు.”

“మీకు చెప్పలేదుగా.”

వలి ఎప్పుడూ కళ్ళ పరీక్షకి పోలేదు.

“రేపట్నించి షాపుకి రా” అన్నాడు. “నీ మిషను అట్టాగే ఉంది. ఎవుర్నీ పెట్టుకోలా.”

రాఘవమ్మ తన చేతుల వంక చూసుకుంది.

“ఈ చేతుల్తో పట్టుగుడ్డ ముట్టుకుంటే మేడాల ఒళ్ళు మండిపోద్దన్నా.”

“వారం రోజులు నూనె రాస్తే పోద్ది.”

“మంట పోద్ది. భయం పోదుగా.” ఆమె ఇది ఏడుస్తూ చెప్పలేదు, రేపు కాయ ఎక్కణ్ణించి వస్తుందో చెప్పినట్టు చెప్పింది. “గీత మీద పోయాననే అనుకున్నా. ఇంత నమ్మకంగా అనుకున్నా. అది గీత కాదన్నారు. ఇక ఏ గీత చూసినా అదేనా కాదా అనిపిచ్చుద్ది. ఇక్కడైతే గీతే లేదు. ముచ్చిక పట్టుకోటం, తుంచటం. తప్పు పోవటానికేం లేదు.”

“అది గీతే రాఘవమ్మా. నువ్వు గీత మీదే పోయావు. నేనే...”

దగ్గు మాట మింగేసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. రాఘవమ్మ వాళ్ళవైపు తిరిగింది.

“మా షాపు ఓనరే. నా కుట్టు ఊడి, పెళ్ళిలో ఆయన పరువు పోయింది. అయినా పిలవటానికొచ్చాడు. నా మనసు కష్టపడుద్దని తప్పంతా పేపరోళ్ళ మీద ఏస్తన్నాడు. మనుషులంటే ఇట్టా ఉండాలి.”

“కాదమ్మా, నిజంగానే పేపరు తగ్గింది” అన్నాడు వలి వాళ్ళందరితో. ఒక ముసలామె ముక్కు మీది గుడ్డ తీసి మరీ అతనికి నమస్కారం పెట్టింది. అతను పాత పేపరు, కొత్త పేపరు రెండూ చేతుల్లో ఎత్తి చూపించాడు. ఆ ఆడవాళ్ళు ఆయన్ని అలా నిలబెట్టడం బాగోదన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎవరో వెళ్ళి మేస్త్రీ కుర్చీ తెచ్చి వేశారు. ఇంకెవరో కుండలోంచి మజ్జిగ ముంచుకొచ్చారు. తను ఎంత గట్టిగా చెబితే అంత మంచివాడవుతున్నాడని వలికి అర్థమైంది. ఇంకొంచెం సేపు నిజం చెబితే కాళ్ళకి దణ్ణం పెట్టేలా ఉన్నారు.

కుర్చీలో కూచున్నాడు. మజ్జిగ తాగాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మిరపకాయలు ముట్టుకున్న వేళ్ళు కళ్ళ దాకా వెళ్ళబోతుంటే రాఘవమ్మ అడ్డం పడింది.

“కళ్ళు తుడుచుకోబాకండన్నా, ఇంకా మండుద్ది. ఊరుకోండి. నేనిక్కడ బాగానే ఉన్నా. నా కోసం మీరట్టా ఏడవబాకండి.”

ఘాటుకి, అన్నాడు వలి. కాయల ఘాటుకి, అంతే.

అదీ ఎవరూ నమ్మలేదు.